పొలిమేర రాయి మీద విలన్

ఓబిలేష్ వృత్తి గొర్రెలు కాయడం. హోదా కరువు.

ఈ హోదా గురించి కొంచెం చెప్పాలి. విడపనకల్లుకు పడమటగా, కర్ణాటక సరిహద్దును ఆనుకొని నక్కలదిన్నె అనే ఊరుంది. ఆషాఢం సగం పోయినా విత్తనం వాన పడకపోతే ఆ ఊరివాళ్లు కరువును తరుముతారు. కరువు అందరికీ తెలిసినదే గానీ, తరుముదామంటే దానికి కాళ్లు లేవు. అందుకని దాని తరఫున ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఒంటికి బూడిద, ముఖానికి మసి పూసుకుంటాడు. మెడలో తెగిన చెప్పుల దండ, నెత్తిన చిల్లుల చేట. ఊరంతా చీపుళ్లూ మట్టిపెళ్లలూ పట్టుకొని అతన్ని పొలిమేర రాయి దాకా తరిమి, రాయి దాటించి, ఊపిరి పీల్చుకొని తిరిగొస్తుంది. రాయికి అవతల కర్ణాటక. నక్కలదిన్నె తన కరువును ఈ విధంగా తరతరాలుగా పొరుగు రాష్ట్రానికి ఎగుమతి చేస్తూ ఉంది. దీని మీద రెండు ప్రభుత్వాల మధ్య ఇప్పటిదాకా ఉత్తరప్రత్యుత్తరాలేవీ జరిగినట్టు లేదు.

ఓబిలేష్‌కు తెలిసినంతలో ఈ కార్యక్రమానికి నిబంధనలు రెండే. కరువును ఎవరూ చేత్తో తాకకూడదు. తాకినవాడి ఇంటికి అది అంటుకుంటుంది. ఇక, వేషం కట్టినవాడు మళ్లీ వాన పడేదాకా ఊరి చేలల్లో కాలు పెట్టకూడదు. ఇంట్లో పడుకోవచ్చు, బజారులో తిరగవచ్చు, ఎన్నికలొస్తే ఓటు కూడా వేయవచ్చు. చేనులోకి మాత్రం తానూ రాకూడదు, తన గొర్రెలూ రాకూడదు.

ఆ వేషం ఓబిలేష్ తాత కట్టాడు, నాయన కట్టాడు. తాత కాలంలో దీనికి ప్రతిఫలం ఉండేది. ప్రతి కళ్లంలోనూ కరువు ఇంటివాళ్లకని చేటెడు గింజలు పక్కన పెట్టేవాళ్లు. తర్వాత కళ్లాలు పోయి మిషన్లు వచ్చాయి. చేటెడు గింజల సంగతి మిషన్లకు ఎవరూ చెప్పలేదు. హక్కు అలా గాలికి పోయింది. బాధ్యత మాత్రం చెక్కుచెదరకుండా ఓబిలేష్‌కు సంక్రమించింది.

మట్టిపెళ్లల నొప్పి రెండు రోజులు ఉండి పోతుంది. దాని గురించి ఓబిలేష్ ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. కష్టమంతా చేలతోనే. విత్తడానికి ముందు, దున్ని పెట్టిన చేలల్లో రైతులు గొర్రెల మందను రాత్రిళ్లు నిలుపుకుంటారు. ఎరువు చేనికి, చుట్టుపక్కల గట్ల మీది మేత గొర్రెలకు. కాపరికి ఏడాదిలో బువ్వ దొరికే రోజులవి. ఆ రోజుల్లోనే కరువు ఇంటివాడు చేలకు దూరం కావాలి. పోయినసారి గత్యంతరం లేక మందను కణేకల్లు కాలువ కిందికి తోలుకుపోయాడు. ఆ ఎండలో, ఆ నడకలో, చూడి గొర్రెలు నెలలు నిండకుండానే దారిలో ఈనాయి. ఒక్క పిల్లా దక్కలేదు. ఈసారి మందలో సగానికి పైగా చూడివే. వాటిని మళ్లీ కణేకల్లు నడిపించడమంటే పుట్టబోయే మందను దారి పొడుగునా పూడ్చిపెట్టుకుంటూ పోవడమే. కాబట్టి ఈసారి వేషం తప్పాలి. ఎలా తప్పించుకోవాలో అతనికి చాలావరకు తెలుసు. ఆ విద్య అతనికి ఫోన్‌లో అబ్బింది.

విడపనకల్లు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే ఇమ్మానుయేల్ ఒకసారి ఓబిలేష్ ఫోన్‌కు పగిలిన అద్దం మారుస్తూ, చేతులు ఊరికే ఉండలేక, అందులో నవలల యాప్ ఒకటి వేసి ఇచ్చాడు. రోజుకొక భాగం ఉచితం. గొర్రెల వెనక నడుస్తూ చదవడం కుదరదు కాబట్టి, ఫోనే చదివి వినిపించే ఏర్పాటు కూడా చూపించాడు. ఆ గొంతు యంత్రానిది. పెళ్లినీ హత్యనూ ఒకే నిబ్బరంతో చదువుతుంది. గుంతకల్లు స్టేషన్‌లో బండి ఆలస్యమని ప్రకటించే గొంతుకు స్వయానా చెల్లెలు.

ఆ యాప్‌లో ఓబిలేష్ పట్టుకున్న నవలలన్నిటికీ పునాది ఒక్కటే. పట్నంలో ఎవరికీ పట్టని కుర్రాడొకడు ఉంటాడు. వాణ్ని లారీ గుద్దుతుంది. ఈ సాహిత్యంలో యముడు దున్నపోతును అమ్మేసి లారీ కొన్నాడు. కుర్రాడు కళ్లు తెరిచేసరికి, తాను రాత్రిళ్లు చదువుకున్న కథలోనే పుట్టి ఉంటాడు. హీరోగా కాదు, విలన్‌గా. చివరి భాగంలో హీరో కత్తికి తన తల తెగుతుందని వాడికి ముందే తెలుసు. ఇక అక్కణ్నుంచి ఆ తలను మెడ మీద నిలుపుకోవడమే కథంతా.

వాటిలో ఓబిలేష్‌కు ప్రాణమైనది ఒక కోటలో చిన్నదొరగా పుట్టినవాడి కథ. చిన్నదొరను చూస్తే పనివాళ్లు పక్కకు తప్పుకుంటారు, పెద్దలు మొహం తిప్పుకుంటారు, పిల్లలు రాళ్లు వేస్తారు. వాడు ఇంకా ఏ పాపమూ చేయలేదు. చేస్తాడని కథలో రాసి ఉంది, అంతే. ఈ భాగం విన్నరోజు ఓబిలేష్ ఒక తుమ్మచెట్టు కింద కూలబడి, గొర్రెలు ఎటు పోతున్నాయో కూడా చూడలేదు. తక్కిన శ్రోతలు కాలక్షేపానికి వింటారు. అతను స్వవిషయంగా విన్నాడు. తనకూ చిన్నదొరకూ ఉన్న తేడా ఒక్క లారీ.

ఊరిపెద్ద గంగాధరప్ప అక్క రామాంజినమ్మ కట్టెపుల్లలు ఏరుకునే మిష మీద మంద దగ్గర్లోనే తిరుగుతూ ఉండేది. మట్టిపెళ్ల విసరడంలో ఊళ్లో ఆమెకు సాటి లేదు. పోయినసారి ఓబిలేష్ చెవి వెనక పడిన దెబ్బ ఆమెదే. ఏం సొల్లు వింటావురా ఎప్పుడూ అని తిట్టేది, తిట్టి భాగం అయిపోయేదాకా అక్కడే పుల్లలు ఏరేది. అక్కడ ఏరడానికి పుల్లలు అయిపోయి చాలా రోజులైంది.

గంగాధరప్ప మాజీ సర్పంచి. పదవి పోయినా పెత్తనం పోలేదు. కరువును ఈ ఏడు తరమాలా వద్దా అన్నది తేల్చేది ఆయనే. చిన్నదొర అయితే ఇటువంటి సందర్భంలో ఏం చేస్తాడో ఓబిలేష్‌కు కంఠతా వచ్చు. తన తల తీయబోయే మనిషికి ముందుగానే మేలు చేసి, మనసు మార్చేస్తాడు. ఈ పథకం పెళ్లాం అరుణజ్యోతికి చెప్పాడు. ఆమె పది పాసైన మనిషి, పొదుపు సంఘానికి లీడరు, సంఘంలో మాట తిప్పినవాళ్లను నిలబెట్టి కడిగే అలవాటున్నది.

"నేరుగా పోయి ఈసారి నేను కట్టనని చెప్పరాదా? నోరు లేదా నీకు?" అంది.

"అట్ల నేరుగా చెప్పినోళ్లంతా మూడో భాగంలోనే సచ్చినారు," అన్నాడు ఓబిలేష్.

మర్నాడే మంచితనం మొదలుపెట్టాడు. గంగాధరప్ప ఇంటికి గ్యాసు సిలిండరు భుజాన మోసుకెళ్లి ఇచ్చాడు. పశువుల కొట్టం తడికె విరిగి ఉంటే కట్టాడు. బర్రెకు నీళ్లు పెట్టాడు. బర్రె అతన్ని అనుమానంగా చూసింది. మంచం మీద కూర్చున్న గంగాధరప్ప ఇంకా అనుమానంగా చూశాడు. పని అయ్యాక మజ్జిగ ఇప్పించాడు, అదీ దూరం నుంచే. కథ చక్కగా మలుపు తిరుగుతోందని ఓబిలేష్ ఆ సాయంత్రం మందకు కూడా చెప్పుకున్నాడు.

రెండు రోజులకు చాటింపు వేశారు. శనివారం కరువును తరుముతున్నారు.

ఓబిలేష్ గంగాధరప్ప దగ్గరికి పరుగెత్తాడు. ఆయన నిజంగానే నొచ్చుకుంటూ చెప్పాడు.

"ఈసారి ఒద్దులే అనుకొంటాంటిమి అల్లుడా. ఫోన్లో వానమోడాలు చూపిస్తాండాదని మా కోడలు చెప్పింది. నీవే పిల్చకుండా వచ్చి గడప తొక్కితివి. కరువు ఇంటోడు తనంతట తాను ఊరిపెద్ద గడప తొక్కితే ఆ ఏడు తరమాల్సిందే. మీ నాయన నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నాయన బతికున్నంత కాలం గంగాధరప్ప ఇంటి వీధి వదిలేసి ఊరి చుట్టూ తిరిగి ఎందుకు పోయేవాడో ఓబిలేష్‌కు అప్పుడు అర్థమైంది. మోకాళ్ల నొప్పులకు నడక మంచిదని డాక్టరు చెప్పాడేమో అనుకున్నాడు ఇన్నాళ్లూ.

విడపనకల్లు పోయి ఇమ్మానుయేల్ ముందు మొర పెట్టుకున్నాడు. ఇమ్మానుయేల్ ఆదివారం చర్చికి, తక్కిన రోజుల్లో నవలలకు అంకితమైన మనిషి. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి విషయాన్ని తగినంత గంభీరంగా స్వీకరించాడు. తప్పించుకోబోయిన విలన్‌ను కథే మెడపట్టి వెనక్కి ఈడ్చుకురావడం ప్రతి నవలలోనూ ఉండేదేనని, ఇందులో ఓబిలేష్ చేతకానితనం ఏమీ లేదని ఓదార్చాడు. తాను కోట కథలో చాలా ముందున్నాడు.

"ఆ తర్వాత చిన్నదొర ఏం చేసినాడు?" అని అడిగాడు ఓబిలేష్.

"పారిపోయేది మానేసినాడన్నా."

"అంతేనా?"

"అంతే. పారిపోతా ఉంటే తరిమేవాళ్లకు సులువు గదా."

ఓబిలేష్ తిరుగు ఆటోలో ఆ మాటే నములుకుంటూ వచ్చాడు. ఊళ్లో దిగేసరికి అతని మొహంలో దిగులు పోయింది. అరుణజ్యోతితో ఒక్కటే చెప్పాడు, శనివారం పొలిమేర దగ్గరికి బిందెడు నీళ్లు తీసుకురమ్మని. ఎందుకని ఆమె అడగలేదు. మొదటిసారి మొగుడు తనతో సవ్యంగా మాట్లాడాడని మాత్రం అనుకుంది.

శనివారం పొద్దున తప్పెట మోగింది. బూడిద, మసి, దండ, చేట అన్నీ శాస్త్రోక్తంగా అమర్చారు. ఊరు ఊరంతా వచ్చింది. పాతకాలపు చీపుళ్లతో పాటు ప్లాస్టిక్ చీపుళ్లు కూడా వచ్చాయి. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పెళ్ల పట్టుకొని రెండు ధర్మాలనూ నిర్వహించారు. ఓబిలేష్ పరుగెత్తాడు. అయితే ఆ పరుగులో ఏదో తేడా ఉంది. మామూలుగా అతను వంగి, తల దాచుకొని పోయేవాడు. ఈసారి ఊరేగింపు ముందు నడిచే పెద్దమనిషి కొంచెం తొందరపడ్డట్టు పోతున్నాడు. మట్టిపెళ్లలు వీపుకు తగులుతూనే ఉన్నాయి.

పొలిమేర రాయి నడుమెత్తు ఉంటుంది. దానికి అవతల కర్ణాటక వాళ్లు ఎప్పటిలాగే కర్రలతో నిలబడి ఉన్నారు. పొరుగు కరువు తమ ఊరి వైపు నడవకుండా, అటుపక్క బీళ్ల మీదికి మళ్లించడం వాళ్ల ఆచారం. ఓబిలేష్ రాయి దాకా వచ్చాడు. దాటలేదు. వెనక్కి తిరిగి, రాయి మీద కూర్చున్నాడు.

తప్పెట ఆగిపోయింది. ఇటువంటిది ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. ఎవరైనా నాలుగు అడుగులు ముందుకు వేసి అతన్ని అవతలికి నెట్టేస్తే సరిపోయేది. కానీ కరువును చేత్తో తాకేది ఎవరు? అంతమంది మొనగాళ్లూ చీపుళ్లు పట్టుకొని అలా నిలబడిపోయారు.

"లెయ్‌రా," అన్నాడు గంగాధరప్ప.

"లెయ్యను మామా."

"ఏం, కాలు ఇరికిందా?"

"కాలు బాగుండాది. నేను ఒక మాట అడగాల. మా తాతను తరిమినారు. కరువు పోయిందా? మా నాయనను తరిమినారు. పోయిందా? నన్ను ఇన్నిసార్లు తరిమినారు. మీరు తరిమిన ప్రతిసారీ అది తిరిగొచ్చింది. చెప్పుల దండేసి, పెళ్లలతో కొట్టి పంపిస్తే ఎవడైనా వస్తాడు మామా, కోపంతో వస్తాడు. ఇంటికొచ్చిన అల్లుణ్ని ఒకసారి మర్యాదగా అన్నం పెట్టి పంపి చూడు, మళ్లీ పండగ దాకా రాడు."

నక్కలదిన్నెలో అల్లుళ్లు లేని ఇల్లు లేదు. ఈ వాదనలోని బలం అందరికీ ఎక్కడో ఒకచోట తగిలింది. అయినా గంగాధరప్ప అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. పెద్దలు పెట్టిన పద్ధతిని కాదనడానికి నీవెవరు, ఇది ఎక్కడ రాసి ఉంది అని అడిగాడు. ఓబిలేష్ ఫోన్‌లో రాసి ఉందని చెప్పబోయి, సభ స్థాయి చూసి మానుకున్నాడు.

అప్పుడు రామాంజినమ్మ ముందుకు వచ్చింది. చేతిలో మంచి పెళ్ల ఉంది, ఆరితేరిన చేతికి సరిపడే పెళ్ల. దాన్ని కింద పడేసింది.

"వాడు చెప్పేది నిజమేరా గంగాధరా. ఆ కోటలో పిల్లోనికి కూడా ఇట్లే చేసినారు. పుట్టినప్పటినుంచి రాళ్లేసినోళ్లే గానీ ఇంత సంకటి పెట్టినోళ్లు లేరు. అందుకే వాడు అట్ల అయినాడు."

ఊరంతా ఆమె వైపు తిరిగింది. ఏ కోట, ఏ పిల్లోడు అని గంగాధరప్ప అడిగాడు. అది నీకు చెప్పినా తెలీదులే అని ఆమె కొట్టిపారేసింది. అక్క అంత ఖాయంగా మాట్లాడితే ఎదురు చెప్పే అలవాటు ఆయనకు చిన్నప్పటి నుంచీ లేదు. ఏదో పురాణంలోది అయి ఉంటుందని సమాధానపడ్డాడు. ఆ వయసులో ఒక పురాణం తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం మాజీ సర్పంచికి శోభ కాదు.

సంకటి ముద్దలు, చెనక్కాయల చట్నీ, చారు వచ్చాయి. విస్తరాకు రాయికి కొంచెం దూరంగా పెట్టి జరిగారు. కరువు నింపాదిగా తిన్నాడు. ఇంకో ముద్ద వేయించుకున్నాడు. రాయికి అవతల కర్రలు పట్టుకున్నవాళ్లు ఇదంతా చూసి చూసి, వాళ్లలో ఒకాయన ఉండబట్టలేక "ఊట ఆయ్తా?" అని కన్నడంలో భోజనం సంగతి అడిగాడు. ఆయ్తు అని ఓబిలేష్ జవాబిచ్చాడు. ఆకూ వక్కా ఇచ్చారు. అవీ తీసుకున్నాడు. దండా చేటా తీసి, ఇటు పక్కా కాదు అటు పక్కా కాదని, రాయి మీదే పెట్టాడు. దీంతో పొరుగు రాష్ట్రానికి ఎగుమతి ఆగిపోయింది. అవతలివాళ్లు కర్రలకు పని లేక కొంచెం నిరాశగానే ఇంటిదారి పట్టారు.

"తిన్నాది, ఆకువక్క తీసుకున్నాది, పోయింది," అన్నాడు ఓబిలేష్ లేచి నిలబడి. "ఈ బూడిద కడిగితే మిగిలేది నేను. నాకు చేలల్లో పనుండాది మామా. నా గొర్రెలు చూడివి. అవి కణేకల్లు దాకా నడవలేవు."

ఇంతసేపటికి అసలు విషయం బయటపడింది. జనంలో గుసగుస మొదలైంది. అన్నం పెట్టడం ఒకటి, చేనులోకి రానివ్వడం మరొకటి. వాన పడేదాకా కుదరదని ఎవరో అన్నారు. ఆ ఒంటికి ఇంకా అంటుకొని ఉంటుందేమోనని ఇంకెవరో అన్నారు. గంగాధరప్ప గడ్డం గోక్కున్నాడు.

అరుణజ్యోతి బిందె ఎత్తుకొని జనం మధ్యలోంచి వచ్చింది. బిందెడు నీళ్లూ మొగుడి నెత్తి మీద కుమ్మరించింది. నీళ్లు కరువుగా ఉన్న ఊళ్లో అంత నీటిని ఒకేసారి నేల పాలు చేయడం చూసి కొందరు అయ్యయ్యో అన్నారు. మసి కారిపోయింది, బూడిద కారిపోయింది. ఆమె ఊరంతా చూస్తుండగా అతని చెయ్యి పట్టుకుంది. తడిచెయ్యి, గట్టిగా.

"అంటుకునేదుంటే మా ఇంటికే గదా అంటుకునేది," అంది. "ఇంక మీకేం దిగులు?"

నిబంధన నక్కలదిన్నెవాళ్లదే, అర్థమూ వాళ్లు చెప్పుకున్నదే. ఆమె దాన్ని ఉన్నదున్నట్టు పాటించింది. ఇద్దరూ చెయ్యి వదలకుండా ఊళ్లోకి నడిచారు. వెనక జనం, చీపుళ్లు చంకన పెట్టుకొని, ఎందుకు మెల్లగా నడుస్తున్నారో తెలియకుండానే మెల్లగా నడిచారు.

మర్నాడు వాన పడలేదు. మబ్బులు వచ్చాయి, కాసేపు నిలబడ్డాయి, కర్ణాటక వైపు పోయాయి. తాను రాయి మీద కూర్చొని తరమనివ్వనందుకే ఇలా అయిందని ఎవరైనా అనేదాకా ఓబిలేష్ ఆగలేదు. గొర్రెలను విప్పి, నేరుగా గంగాధరప్ప చేనికి తోలాడు. చెయ్యాలనుకుంటే అక్కడే చెయ్యాలి. ఆ చేను ఒప్పుకుంటే ఊళ్లో తక్కిన చేలన్నీ ఒప్పుకున్నట్టే.

గంగాధరప్ప అప్పటికే గట్టు మీద ఉన్నాడు. చేను దారికి తుమ్మకంప అడ్డం వేసి ఉంది. ఆయన ఆకాశం చూశాడు. గొర్రెలను చూశాడు, వాటి పొట్టలు నేలకు ఆనుతున్నట్టే ఉన్నాయి. ఓబిలేష్ కంపకు ఇవతల నిలబడ్డాడు. ఈసారి బతిమాలలేదు, మేలు చేయలేదు, వంగలేదు.

"మా యక్క రాత్రంతా నన్ను నిద్రపోనీలేదు," అన్నాడు గంగాధరప్ప. "ఆ కోట పిల్లోనికి చివర్లో ఏమవుతాది?"

"తెలీదు మామా. ఇంకా అయిపోలేదు. బతికే ఉండాడు."

గంగాధరప్ప వంగి, ముళ్లు గుచ్చుకోకుండా తువ్వాలు చేతికి చుట్టుకొని, కంపను పక్కకు లాగాడు. "నిలబడి చూస్తాండావేమిరా. తోలు," అన్నాడు.

ఓబిలేష్ దుక్కి మీద కాలు పెట్టాడు. మట్టి వేడిగా, వదులుగా ఉంది. మంద అతని వెనకే వచ్చి చేనంతా పరుచుకుంది. పెద్దగొర్రె ఒకటి చేను నడిమధ్యకు పోయి నిలబడి, ఎరువు సంగతి వెంటనే తేల్చేసింది. గంగాధరప్ప అది చూసి తలూపాడు.

మధ్యాహ్నం దాటాక ఒక గొర్రె గట్టు వారకు పోయి పడుకుంది. అక్కడే ఈనింది. పిల్ల తడిగా, వణుకుతూ, లేవబోయి పడి, మళ్లీ లేచింది. ఎండ దాని మీద పడకుండా గంగాధరప్ప తువ్వాలు చాపి పట్టుకొని నిలబడ్డాడు. ఇంత ఎండలో చూడి గొర్రెలను ఎవరైనా తోలుకొస్తారా, బుద్ధి ఉండాదా నీకు అని ఓబిలేష్‌ను తిడుతూ నిలబడ్డాడు. ఓబిలేష్ పిల్ల మూతి తుడుస్తూ, తిట్లన్నిటికీ అవును మామా, అవును మామా అంటూ కూర్చున్నాడు.